మడత మీద ఊరు

ముత్తక్కను ఇంటికి పొమ్మని చెప్పీ చెప్పీ దవాఖానా నర్సు పుష్పలతకు విసుగొచ్చింది. మనవరాలు జోగమ్మకు జ్వరం దిగి వారం కావస్తోంది. పిల్ల వరండాలో ఈ కొస నుంచి ఆ కొసకు పరుగులు పెడుతోంది, మందుల అట్టపెట్టెకు తాడు కట్టి లాగుతోంది, కనిపించిన ప్రతివాళ్ళనూ అరటిపండు అడుగుతోంది. ఇంకేం రోగం? అయినా ముసలమ్మ కదలదు. మంచం ఖాళీ చేయించిన రోజున కిక్కురుమనకుండా లేచి, వెనక వరండాలో గోడవారన చాప పరుచుకుని అక్కడే కూర్చుంది. మొగుడు బొజ్జయ్య పక్కన గొంతుకూర్చుని, మబ్బు పట్టిన ఆకాశం కేసి చూసి నిట్టూరుస్తాడు. దుక్కి దున్నాలి, విత్తనం చల్లాలి. భద్రాచలంలో దవాఖానా గచ్చు మీద కూర్చుంటే ఏం పండుతుంది!

"జ్వరం పోయిందంటివి, మంచిదే. మళ్ళొస్తే?" ఇదీ ముత్తక్క అడిగే ఒకే ఒక్క మాట.

"వస్తే మళ్ళ తీస్కరా."

"వాగు పొంగినంక ఎట్ల తేవాలె?"

పుష్పలత పిల్ల నుదురు తడిమి చూసి లోపలికి పోయింది. కిందటేడు వానల్లో ఈ పిల్ల తల్లి అట్లాగే పోయింది. నులకమంచం మీద మోసుకొచ్చి, వాగు తగ్గుతుందేమోనని ఒడ్డున దించి కాచుకున్నారు. వాగు తగ్గేసరికి, దాటించాల్సిన మనిషి లేకుండా పోయింది. అందుకే ముసలమ్మ పంతం. వానలు పోయేదాకా పిల్లను తీసుకుని అడవిలోకి పోనంటే పోనంటుంది.

ఆ వరండాను ఆనుకునే ఉంది జ్వరాల సెల్. పేరు విని పెద్ద ఆఫీసనుకునేరు! ఒక గది, రెండు బీరువాలు, ఒక పాత కంప్యూటరు, దాని ముందు ప్రమీల. ఖమ్మంలో ఖానాపురం హవేలి పిల్ల. కాంట్రాక్టు ఉద్యోగమని వచ్చి ఇక్కడ కిరాయి గదిలో ఉంటోంది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెచ్చుకుని ముత్తక్క చాప మీద కూర్చోవడం ఆమెకు అలవాటైపోయింది. డబ్బాలో కూర సగం జోగమ్మదే.

"బిడ్డా, నువ్వు మిషన్ల ఊర్లన్ని ఎక్కిస్తవంట గద," అన్నది ముత్తక్క ఆ సోమవారం. "మా తునికిగుంపుకు ఈ వానలకన్న మాత్రలాయన వస్తడా?"

"వస్తడవ్వా, ఎందుకు రాడు? ఈసారి మీ ఇండ్లు గూడ మ్యాపుల పడ్డయి," అనేసింది ప్రమీల, అన్నం కలుపుకుంటూ.

అనడం తేలికే. ముసలమ్మ చెయ్యి ఆపి తన మొహంలోకి చూసిన తీరుకు ముద్ద మళ్ళీ డబ్బాలోనే పెట్టేసింది. నోరు జారానా అని ప్రమీలకు గుబులు పుట్టింది.

ఆ మాట గాలికి అన్నదైతే కాదు. ఇన్నాళ్ళూ జ్వరాల శిబిరాలను మండలాల వారీగా పంచేవారు. మండలంలో కేసులెక్కడ ఎక్కువో అక్కడ ఒక ఆరోగ్య కార్యకర్త వానాకాలమంతా ఉంటాడు, మాత్రలతో, రక్తపరీక్ష సామానుతో. తునికిగుంపు ఒక మండలం కొసన ఉంది. దాని పక్కనున్న రేలగూడెం ఇంకో మండలం. ఆ పైనున్న కొత్తబోడు మూడో మండలం. మూడూ కలిపితే జ్వరాల పుట్టే. విడివిడిగా చూస్తే ఎవరి కాగితంలోనైనా నాలుగిళ్ళ పల్లె. "మాకు ఇంతకంటే పెద్ద ఊళ్ళున్నాయి," అని ముగ్గురు డాక్టర్లూ ఏటా వదిలేసేవారు. అబద్ధమూ కాదు. కానీ వదిలేసిన చోట మనుషులున్నారే!

ఈ ఏడు, రెండువేల ఏడు ఎండాకాలంలో, పద్ధతి మార్చాలనుకున్నారు. ఫీల్డ్ సూపర్‌వైజర్ రాంబాబూ, అతని మనుషులూ జీపీఎస్ పరికరాలు పట్టుకుని, గడిచిన మూడేళ్ళలో జ్వరం వచ్చిన ప్రతి ఇంటి ముందూ నిలబడి అక్షాంశం, రేఖాంశం ఎక్కించుకొచ్చారు. జిల్లా మొత్తం మీద వేలకు వేల చుక్కలు. చుక్కకూ చుక్కకూ మధ్య దూరం లెక్కగట్టి, నాలుగు కిలోమీటర్ల లోపున్న వాటిని ఒక క్లస్టర్‌గా చేర్చాలి. పెద్ద క్లస్టర్లకు శిబిరాలు. ఏ మండలమన్న ప్రశ్నే లేదు. ప్రమీల చేయాల్సిందల్లా ఆ దూరాలు తీయడమే.

ఆ తీయడం దగ్గరే ఆమె తల ప్రాణం తోకకొచ్చింది. భూమి గుండ్రం కాబట్టి దూరం తీయాలంటే సైన్లు, కొసైన్లతో ఇంత పొడుగు సూత్రం. ఒక్క చుక్కకు మిగతా అన్ని చుక్కలతోనూ ఆ సూత్రం వేయాలి. తర్వాత రెండో చుక్కకు. ఆ తర్వాత మూడోదానికి. ప్రోగ్రాం నడిపించి, ఎంతవరకు వచ్చిందో తెలిసేలా తెర మూలన వరస నంబరు పడేటట్టు పెట్టుకుంది. ఆ నంబరు కదలాలంటే మొక్కుకోవాలి. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి సగం కూడా కాదు, ఈలోగా కరెంటు పోతుంది. యూపీఎస్ కుయ్యిమని ఒక్క కూత కూసి ఊరుకుంటుంది. మళ్ళీ మొదటికి. పోనీ అయినంతవరకు మధ్యమధ్య దాచుకుందామని చూస్తే, ఆ దాచుకోవడానికే మిషను ఇంకా నెమ్మదించింది.

సెల్ అధికారి వెంకటరామారావుది పెనుబల్లి వైపు. మంచివాడే గానీ ఓపిక తక్కువ. గుమ్మంలోంచే తొంగిచూశాడు. "ఏమ్మా ప్రమీలా, నీ మిషను ఇంకా మల్లెపూలు గుచ్చుతోందా?"

"ఐతది సార్."

"ఎప్పుడవుతుంది? శుక్రవారం మీటింగు. అప్పటికి కాకపోతే పాత పద్ధతే. మండలాల వారీ జాబితా బీరువాలో రెడీగా ఉంది. తర్వాత నన్ను అనకు."

ఆయన వెళ్ళాక ప్రమీల కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. పాత పద్ధతంటే తునికిగుంపు మళ్ళీ లేనట్టే. వరండాలోంచి జోగమ్మ పెట్టె ఈడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

*

మంగళవారం పొద్దున ఆమె నడపడం మానేసి చదవడం మొదలుపెట్టింది. తను రాసిన ప్రోగ్రాంనే వరస వరసగా, పెన్సిల్ పట్టుకుని. చదువుతుంటే తన మీద తనకే కోపమొచ్చింది. ప్రతి లెక్కకూ మిషను అంకెలు ఎక్కించిన షీటులోకి వెళ్ళి అంకె తెచ్చుకుంటోంది, వాడి పారేస్తోంది, మళ్ళీ అదే అంకె కోసం వెళుతోంది. చేటలో బియ్యం పెట్టుకోకుండా గింజ గింజకూ బస్తా దగ్గరికి నడిచినట్టుంది. అంకెలన్నీ ఒకేసారి మెమరీలోకి తెచ్చి పెట్టింది. ఒక్కో చుక్క సైనూ, కొసైనూ ముందే ఒకసారి తీసి పక్కన పెట్టింది. మళ్ళీ నడిపితే తెర మూలన నంబరు నడక వదిలి పరుగందుకుంది. హమ్మయ్య అనుకుంది. కాసేపు చూసి లెక్కవేసుకుంటే ఆ హమ్మయ్య కాస్తా నీరుగారిపోయింది. ఎంత పరిగెత్తినా కరెంటు కోత కంటే ముందు గమ్యం చేరేలా లేదు.

అప్పుడే రాంబాబు వచ్చాడు. కోయగూడెంలో పుట్టి పెరిగిన మనిషి, అడవిలో తిరగని దారి లేదు. చెప్పులు గుమ్మం బయట విడిచి, తెరలోకి వంగి చూశాడు.

"మేడమ్, జిల్లా ఆ కొస ఎర్రుపాలెంల జ్వరమొచ్చినోనికి, మా అడవిల జ్వరమొచ్చినోనికి మధ్య దూరమెందుకు తీస్తుంది ఇది? వాళ్ళు జన్మల కలువరు."

"నేను గూడ అదే అనుకుంటున్న అన్నా. ఎవలు ఎవలకు దగ్గరో ముందుగాల తెలిస్తే, వాళ్ళ వాళ్ళ మధ్యనే తీయొచ్చు. మండలాలుగ విడగొడితే మళ్ళ పాత కథే."

రాంబాబు ఆలోచించాడు. "మా దిక్కు మండలమెవలడుగుతరు? ఏ సంతోళ్ళని అడుగుతరు. సంతల వారీగ విడగొట్టున్రి. మేం రాసుకొచ్చినప్పుడు ఏ ఊరిది ఏ సంతనో గూడ రాసినం."

ప్రమీల చప్పట్లు కొట్టినంత పని చేసింది. ఎంత సులువు! ఊరికి సంత ఉంటుంది. దగ్గరివాళ్ళంతా ఒకే సంతకు పోతారు. మండలం ఆఫీసువాళ్ళు గీసింది. సంత మనుషులు నడిచి ఏర్పరచుకున్నది. ఆ మధ్యాహ్నం అన్నం కూడా మరిచిపోయి ప్రోగ్రాం తిరగరాసింది. సోమవారం సంతవాళ్ళను ఒక కుప్ప, శుక్రవారం సంతవాళ్ళను ఒక కుప్ప, అట్లా జిల్లా అంతా కుప్పలు పోసి, ఏ కుప్పలోవాళ్ళకు ఆ కుప్పలోనే దూరాలు తీయించింది. రాంబాబు ఎదురు హోటల్ నుంచి తెచ్చిన చాయ్ చల్లారకముందే తెర మీద "పూర్తయింది" అని పడింది.

వెంకటరామారావు వచ్చి చూసి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నిజంగానే అయిందా? రెండు రోజులుగా కానిది?"

"ఐంది సార్."

"శభాష్!" అని అక్కడికక్కడే ఫోనెత్తి, పైవాళ్ళకు జాబితా సిద్ధమని చెప్పేశాడు.

ఆ సంబరంలో, ముత్తక్కకు చెప్పే ముందు ఒక్కసారి కళ్ళారా చూసుకుందామని ప్రమీల జాబితాలో తునికిగుంపు కోసం వెతికింది. మొదటి పేజీలో లేదు. రెండో పేజీలో లేదు. చివరి దాకా లేదు. ఎక్కడుందయ్యా అంటే, ఏ క్లస్టర్‌కూ చాలని ఒంటరి ఊళ్ళ కింద ఉంది. రేలగూడెమూ అక్కడే. కొత్తబోడూ అక్కడే. ప్రమీల కుర్చీ వెనక్కి తోసి లేచింది.

వరండాలోకి వెళ్ళి చాప మీద కూర్చుంది. ఎట్లా అడగాలో తెలియక మామూలుగానే అడిగింది. "అవ్వా, మీరు ఏ సంతకు పోతరు?"

"సోమారం సంతకు."

"రేలగూడెపోళ్ళు?"

"వాళ్ళు శుక్రారం సంతకు. వాళ్ళ ఆడపిల్లల్ని అటు దిక్కు ఇచ్చుకున్నరు. సంతకు పోతేనే గద బిడ్డను చూసుకునేది. కొత్తబోడోళ్ళది ఇంకో సంత."

"మరి మీకూ వాళ్ళకూ బాగ దూరమా?"

"దూరమేంది!" ముత్తక్క నవ్వింది. "మా కోడి వాళ్ళ పెంట మీదనే మేస్తది."

ప్రమీల ఆమెతో కలిసి నవ్వలేకపోయింది. గదిలోకి వచ్చి రాంబాబుకు చెబితే అతను నెత్తి కొట్టుకున్నాడు. "అవ్ గద మేడమ్! మా అమ్మ గూడ గంతే. ఇంటిపక్క సంత ఇడిచిపెట్టి మా మేనమామలు వచ్చే సంతకు పొద్దంత నడుస్తది. చిన్నప్పటి సంది చూస్తున్న, యాదికే రాలే నాకు."

ప్రమీల జాబితాను మళ్ళీ మొదటి నుంచి తిప్పింది. జాబితాలో మిగతాదంతా చూడ్డానికి బాగానే ఉంది. ఎవరూ కనిపెట్టలేరు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

*

బుధవారం పొద్దున్నే వెంకటరామారావు కుర్చీలో కూర్చోకముందే ప్రమీల జరిగింది చెప్పేసింది. ఆయన మొహం ఎర్రబడింది.

"నిన్న ఫోను చేసి చెప్పేశాను గదమ్మా! నా పరువేం కావాలి?"

ప్రమీల ఒంటరి ఊళ్ళ పేజీ తీసి ఆయన ముందు పెట్టింది.

"నిజం చెప్పు. నువ్వు చెప్పకపోతే ఇది ఎవరికైనా తెలుస్తుందా?"

"తెలవదు సార్."

"మరెందుకు చెప్పావు?"

"ఆ ఊరామె బయట వరండాల కూసున్నది సార్. వస్తరని చెప్పిన ఆమెకు."

ఆయన కిటికీలోంచి చూశాడు. జోగమ్మ అట్టపెట్టెలో ఇటుకముక్క వేసుకుని లాగుతోంది. దాని వెనకాల ముసలమ్మ, వద్దే, దెబ్బ తగుల్తది అంటూ. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"రేపు మధ్యాహ్నం వరకు ఆగుతాను. ఆ తర్వాత ఇదే జాబితా పోతుంది," అని ఫైలు తెరిచాడు. తిడతాడనుకుంటే గడువిచ్చాడు! ప్రమీల బయటికొచ్చి గోడకు ఆనుకుని ఊపిరి పీల్చుకుంది.

గడువైతే దొరికింది, దారి ఏది? ఆ రోజంతా మండలాలనూ, సంతలనూ, బస్సు రూట్లనూ తిప్పి తిప్పి చూసింది. దేనితో విడగొట్టినా ఏదో ఒక ఊరు ఒంటరిగా మిగిలిపోతోంది. అసలు తునికిగుంపు ఎక్కడుందో కళ్ళతో చూద్దామని రాంబాబును మ్యాపు అడిగింది. అతను సంచీలోంచి సర్వే మ్యాపు తీసి బల్ల మీద పరిచాడు. ఏళ్ళుగా నాలుగేసి మడతలు పెట్టి జేబులో తిప్పిన కాగితం. మడతల చోట రంగు పోయి, కాగితం మొత్తం గళ్ళుగళ్ళుగా చీలినట్టుంది.

"తునికిగుంపేదన్నా?"

"గిదిగో, గీడనే," అని అతను వేలు పెట్టిన చోట పేరు లేదు. సరిగ్గా మడత మీద ఉంది ఆ ఊరు. విప్పి మడిచీ విప్పి మడిచీ అచ్చు అరిగిపోయింది. రేలగూడెం మడతకు అవతలి గడిలో, కొత్తబోడు పైగడిలో. వేలి వెడల్పు దూరం కూడా లేదు వాటి మధ్య.

ప్రమీల ఆ మడతను బొటనవేలితో సాఫు చేస్తూ ఉండిపోయింది. మండలం గీత ఈ ఊరి మీంచే పోయింది. సంత గీతా ఇక్కడే పోయింది. ఆఖరికి కాగితం మడిచినా ఇక్కడే పడింది. గీత ఎక్కడ గీసినా దాని మీద ఎవరో ఒకరు పడతారు. పోనీ గీతలే వద్దంటే మిషను కదలదు. మరైతే... గీయాలి. గీసి, అవతలికి తొంగిచూడాలి!

"అన్నా, దొరికింది," అన్నది మెల్లగా, గట్టిగా అంటే జారిపోతుందేమోనన్నట్టు.

"ఏం దొరికింది మేడమ్?"

"చూడు. జిల్లా మొత్తం నాలుగు కిలోమీటర్ల గళ్ళు గీస్త. ఏ చుక్క ఏ గడిలదో అక్షాంశం రేఖాంశం చూస్తెనే తెలిసిపోతది, ఎవర్ని అడుగుడు లేదు. ప్రతి చుక్క తన గడిల చూస్కోవాలె, తన చుట్టున్న ఎనిమిది గళ్ళల్ల గూడ చూస్కోవాలె. ఆ బయట ఎవలున్నా నాలుగు కిలోమీటర్ల కంటె దూరమే. వాళ్ళ జోలికి పోవద్దు."

రాంబాబు మ్యాపు మీద వేలితో ఒక గడి, చుట్టూ ఎనిమిది గళ్ళు లెక్కపెట్టి చూసుకున్నాడు. "మరి తునికిగుంపు లెక్క గడి కొసకు ఉన్నోడు?"

"కొసకున్నోడు పక్కగడిల దొరుకుతడు. అందుకే గద ఎనిమిది."

గురువారం పొద్దున కరెంటు ఉండగానే రాయడం ముగించింది. ఇంకొకటి కూడా చేర్చింది. గళ్ళలో దొరికిన చుక్కలకైనా ముందు ఉత్త తీసివేత చేసి, అక్షాంశాల తేడా ఎక్కువైతే ఆ పెద్ద సూత్రం దాకా పోకుండా వదిలేయమంది. నడిపే ముందు చేతులు చీరకొంగుకు తుడుచుకుంది. నడిపింది. రాంబాబు ఈసారి చాయ్‌కి పోలేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు. సంతల వారీగా అయినంత వేగంగా కాలేదు గానీ, ఫ్యాను గాలికి ఎగిరిపడ్డ కాగితాలు ఏరి సర్దుకునేలోపు అయిపోయింది.

ఈసారి సంబరపడలేదు ప్రమీల. ఒకసారి కాలింది చెయ్యి. ఆ మూడు మండలాలు కలిసే మూలనొక్కదాన్ని తీసి, పాత పద్ధతిలో, ఏ చుక్కనూ వదలకుండా నడిపించింది. అది నత్తనడకన సాగుతుంటే కిటికీ అవతల ఉరుములు మొదలయ్యాయి. కరెంటు పోకుంటే చాలు స్వామీ అనుకుంటూ కూర్చుంది. ముగిసింది. రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి వేలితో దించుకుంటూ చూసింది. ఒక్కటీ తేడా లేదు.

ఆ తర్వాతే తునికిగుంపు కోసం చూసింది. వెతకాల్సిన పని లేకపోయింది. తునికిగుంపు, రేలగూడెం, కొత్తబోడు మూడూ కలిసి జాబితాలో అన్నిటికంటే పైన ఉన్నాయి. జిల్లాలో అంత దగ్గర దగ్గరగా అన్ని జ్వరాలున్న చోటు ఇంకోటి లేదు.

ప్రమీలకు ఏడుపొచ్చింది. సంతోషమో, ఇన్నేళ్ళూ ఎవరికీ కనిపించలేదన్న బాధో ఆమెకే తెలియలేదు. రాంబాబు చూడనట్టు అటు తిరిగి చెప్పులు వెతుక్కున్నాడు.

*

శుక్రవారం మీటింగులో కాగితాలు పంచిపెట్టి, ప్రమీల గోడవారన స్టూలు మీద కూర్చుంది. ఆమె భయమంతా ఒకటే. మూడు మండలాల ఊళ్ళు ఒక క్లస్టర్‌లో ఉన్నాయి. ముగ్గురు డాక్టర్లూ ఎప్పటిలాగే మాది కాదంటే మాది కాదని తోసేస్తే?

వెంకటరామారావు గొంతు సవరించుకున్నాడు. "మొదటి క్లస్టర్‌కి శిబిరంతో పాటు మైక్రోస్కోపు, ల్యాబ్ టెక్నీషియను, కొత్త మోటార్ సైకిలు ఇస్తున్నాం. ఇంతకీ ఈ తునికిగుంపు క్లస్టర్ ఎవరిది?"

డాక్టర్లు ముగ్గురూ కాగితాలు తిరగేశారు. ప్రమీల పెదవి కొరుక్కుంది.

"మాదే సార్," అన్నాడు డాక్టర్ జయప్రకాశ్. "తునికిగుంపు ఎప్పటినుంచో మా మండలమే."

"పేరు తునికిగుంపని పెడితే సరిపోతుందా?" డాక్టర్ నిర్మలాదేవి గయ్యిమంది. "కేసులెక్కువ రేలగూడెంలో సార్. అది మాది. మోటార్ సైకిలు మా సెంటర్‌కే రావాలి."

"కొత్తబోడు లేకుంటే అది క్లస్టరే కాదు సార్," అని మూడో డాక్టరు లేచి నిలబడ్డాడు.

నిన్నటిదాకా ఎవరికీ అక్కర్లేని ఊళ్ళు! ముగ్గురూ ఒకరి మాట మీద ఒకరు పడుతుంటే ప్రమీల నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగడం లేదు.

వెంకటరామారావు బల్ల మీద చరిచాడు. "చాలు! ఏ మండలమో మీరు తీరిగ్గా తేల్చుకోండి. మోటార్ సైకిలు సంగతి తర్వాత. వాన పెరగక ముందే, రేపు పొద్దున మనిషీ సామానూ వాగు అవతల ఉండాలి. రాంబాబూ, జీపులో నువ్వే వెళ్ళి దింపు." ఆ తర్వాత తల తిప్పి ప్రమీల వైపు చూసి, కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

మీటింగు ముగియకుండానే ఆమె వరండాలోకి పరిగెత్తింది. ముత్తక్క మనవరాలి తల దువ్వుతోంది. బొజ్జయ్య బీడీ కోసం ఆకు చింపుతున్నాడు.

"అవ్వా! తాతా! మీ ఊరు మాదంటే మాదని డాక్టర్లు కొట్టుకుంటున్నరు లోపల!"

బొజ్జయ్యకు అర్థం కాలేదు. ముత్తక్క నవ్వలేదు. దువ్వెన ఆపి అడిగింది. "మాత్రలాయన వస్తడా?"

"రేపే వస్తడు. పొద్దున జీపు పోతది."

"పొద్దుమీకినంక మళ్ళ జీపెక్కి వచ్చేస్తడా?"

"రాడు. వానలు పోయేదాక ఆడనే ఉంటడు. ఆడనే తింటడు, ఆడనే పండుకుంటడు. నెత్తురు చూసే మిషను గూడ ఆడనే ఉంటది. వాగు పొంగినా మీ దిక్కే ఉంటడు అవ్వా."

ముసలమ్మ ఆమె మొహంలోకి సోమవారం చూసినట్టే చూసింది. ఈసారి ప్రమీల చూపు తిప్పుకోలేదు. ముత్తక్క మొగుడితో కోయమాటలో ఏదో రెండు ముక్కలన్నది. అతను చటుక్కున లేచాడు, బీడీ చుట్టడం కూడా మాని. ఆమె పిల్ల జుట్టు సగం జడతోనే వదిలేసి, చాప దులిపి చుట్టింది. గిన్నె, గ్లాసు, ఆరేసిన బట్టలు మూటలో పడ్డాయి.

"జీపు రేపు గద అవ్వా! అండ్లనే పోదురు గాని, ఒక్కరోజు ఆగున్రి."

"జీపొచ్చేసరికి ఆయనకు ఇల్లు చూపెట్టాలె గద బిడ్డా. మా కొట్టం ఊడ్సి ఇస్త, అండ్ల ఉంటడు." అప్పటికే మూట నెత్తికెక్కింది. వెళుతూ వెళుతూ ప్రమీల గడ్డం పట్టుకుని ఒక్కసారి ఊపింది, అంతే. బొజ్జయ్య జోగమ్మను భుజం మీదికెత్తుకున్నాడు. పిల్ల అట్టపెట్టె వదలనంటే అదీ ఎత్తుకున్నాడు.

చినుకులు మొదలయ్యాయి. లోపలి నుంచి పుష్పలత చీటీ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "ఏయ్ ముత్తక్కా! చీటీ తీస్కో! పిల్లకు మాత్రలింకా ఉన్నయి, ఆగు, ఆగవే!"

ఇన్నాళ్ళూ పొమ్మంటే పోని మనిషి ఇప్పుడు ఆగమంటే వినిపించుకోలేదు. ముందు ముసలమ్మ, వెనక బొజ్జయ్య, గేటు దాటి బస్టాండు దారి పట్టారు. పుష్పలత తిట్టుకుంటూ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి వానలో వాళ్ళ వెంట పడింది. ప్రమీల వరండాలో నిలబడి పొట్ట చేత్తో పట్టుకుని నవ్వింది.